ఇంటి నుంచి పనిచేసే కంప్యూటర్‌లో టైమ్ తప్పుతోందా? ఏ సింక్ పద్ధతి ఎవరికి సరిపోతుంది

లాగిన్ కావడం లేదు. పాస్‌వర్డ్ మార్చి ఇచ్చినా కావడం లేదు. బ్రౌజర్ తెరిస్తే ప్రతి సైటూ సర్టిఫికెట్ తేదీ చెల్లదంటోంది. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల దగ్గర్నుంచి ఇలాంటి ఫిర్యాదు వస్తే, అన్నిటికన్నా ముందు చూడాల్సింది స్క్రీన్ కింద కుడి మూలన కనిపించే టైమ్. ఆఫీసులో ఉన్నన్నాళ్లూ ల్యాప్‌టాప్ రోజూ డొమైన్ కంట్రోలర్‌ను (కంపెనీ లాగిన్‌లను సరిచూసే సర్వర్‌ను) చూస్తూ తన టైమ్ తానే దిద్దుకునేది, ఎవరూ పట్టించుకోవాల్సిన పని ఉండేది కాదు. అదే ల్యాప్‌టాప్ ఇంట్లో నెలల తరబడి ఉండిపోతే టైమ్ చెప్పే దిక్కు లేక మెల్లగా పక్కకు జరిగిపోతుంది.

దీన్ని దిద్దే దారులు నాలుగైదు ఉన్నాయి. ఏది పట్టుకోవాలన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. మీ పని ఎంత తేడాను ఓర్చుకుంటుంది? ఆ మెషీన్ కూర్చున్న చోటి నుంచి ఏ టైమ్ సర్వర్ కనిపిస్తుంది?

ఎంత తేడా వస్తే ఏది ఆగిపోతుంది

విండోస్ డొమైన్ లాగిన్‌కు వాడే కెర్బరోస్ డిఫాల్ట్‌గా 5 నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది. అమెజాన్ ఫైల్ స్టోరేజ్ సేవ ఎస్3కి పంపే రిక్వెస్ట్‌లో టైమ్ 15 నిమిషాలు దాటి తప్పితే తిరగ్గొడుతుంది. సైట్ల సర్టిఫికెట్లకు మామూలుగా నిమిషాల తేడా పట్టదు, రోజులు తప్పితేనే గొడవ. కానీ కొన్ని గంటలకే గడువు తీరేలా ఇచ్చే వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే భద్రమైన దారి) సర్టిఫికెట్లున్న చోట పది నిమిషాలు వెనకున్నా ‘ఇంకా మొదలే కాలేదు’ అని ఆపేస్తుంది.

ఆథెంటికేటర్ యాప్‌లో మారుతూ ఉండే ఆరంకెల కోడ్ దగ్గర చాలామంది పొరబడతారు. ఆ కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది, దాన్ని లెక్కకట్టేది యాప్ ఉన్న పరికరం. యాప్ ఫోన్‌లో ఉంటే ల్యాప్‌టాప్ టైమ్ ఎంత తప్పినా కోడ్‌కు సంబంధం లేదు, చూడాల్సింది ఫోన్ టైమ్. కోడ్‌ను ల్యాప్‌టాప్‌లోని పాస్‌వర్డ్ మేనేజర్ ఇస్తుంటే మాత్రం ఒక నిమిషం తేడా చాలు, లోపలికి రానివ్వదు.

లాగ్‌లు పక్కపక్కన పెట్టి ఏది ముందు జరిగిందో తేల్చేవాళ్లకు సెకను లోపు కావాలి. మిగతా మామూలు ఆఫీసు పనికి ఒకటి రెండు సెకన్ల తేడా ఉన్నా నష్టం లేదు. కాబట్టి మిల్లీసెకన్ల కోసం ఖరీదైన ఏర్పాట్లు చేసుకోనక్కర్లేదు.

ముందు కొలవండి, తర్వాతే మార్చండి

కింద కమాండ్లను పలికే తీరులో రాశాం, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘డబ్ల్యూ32టీఎమ్ /స్ట్రిప్‌చార్ట్ /కంప్యూటర్:టైమ్.విండోస్.కామ్ /శాంపుల్స్:5’ అని ఇవ్వండి. ఇది టైమ్‌ను మార్చదు, కొలిచి చూపిస్తుందంతే. ఐదు లైన్లు వస్తాయి. ఒక్కో లైన్‌లో ‘డి:+00.0412ఎస్ ఓ:+07.2214ఎస్’ లాంటి రెండు అంకెలుంటాయి. డి అంటే సర్వర్‌కు వెళ్లి రావడానికి పట్టిన సమయం. ఓ అంటే తేడా. ఓ దగ్గర ప్లస్ ఉంటే సర్వర్ ముందుంది, మీ మెషీన్ అంత వెనకబడిందని అర్థం. పై లైన్‌లో అయితే 7 సెకన్ల పైచిలుకు. ఐదు లైన్లలోనూ ఓ దాదాపు ఒకేలా ఉంటే ఆ కొలతను నమ్మవచ్చు. లైన్ లైన్‌కూ అర సెకను అటూ ఇటూ ఊగుతుంటే నెట్‌వర్క్ బాగాలేదు, కాసేపాగి మళ్లీ కొలవండి.

తర్వాత ‘డబ్ల్యూ32టీఎమ్ /క్వెరీ /సోర్స్’ ఇస్తే ప్రస్తుతం ఎవరిని చూసి నడుస్తోందో చెబుతుంది. ‘లోకల్ సీమాస్ క్లాక్’ అనో ‘ఫ్రీ-రన్నింగ్ సిస్టమ్ క్లాక్’ అనో వస్తే ఎవరినీ చూడడం లేదు, తన సొంత గడియారంతోనే నెట్టుకొస్తోంది. సర్వీస్ మొదలు కాలేదన్న ఎర్రర్ వస్తే విండోస్ టైమ్ సర్వీసే ఆగి ఉంది. డొమైన్‌లో లేని మెషీన్లలో ఇది మామూలే, అవసరమైనప్పుడు లేచి మళ్లీ పడుకుంటుంది. నెలల తరబడి ఆన్‌లోనే ఉండే మెషీన్ అయితే సర్వీసెస్‌లోకి వెళ్లి దాన్ని ఆటోమేటిక్‌కు మార్చడం మేలు.

లైనక్స్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ అంటే చాలు. ‘సిస్టమ్ క్లాక్ సింక్రనైజ్డ్’ పక్కన యెస్ ఉందో నో ఉందో చూడండి. టైమ్ సింక్ చేసే క్రోనీ అనే ప్రోగ్రామ్ నడుస్తుంటే ‘క్రోనీసీ ట్రాకింగ్’ తేడాను సెకన్లలో చూపిస్తుంది. మ్యాక్‌లో ‘ఎస్‌ఎన్‌టీపీ టైమ్.యాపిల్.కామ్’.

తేడా అంకె చూస్తే సగం రోగం తెలిసిపోతుంది

కచ్చితంగా 5 గంటల 30 నిమిషాలు తప్పిందా? ఒకే మెషీన్‌లో విండోస్, లైనక్స్ రెండూ ఉన్నాయేమో అడగండి. మదర్‌బోర్డు మీది గడియారంలో విండోస్ స్థానిక సమయం రాస్తుంది, లైనక్స్ యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) రాస్తుంది. ఒకటి రాసినదాన్ని రెండోది తన లెక్కలో చదువుకునేసరికి మన దేశంలో తేడా సరిగ్గా ఐదున్నర గంటలు వస్తుంది. దీనికి సర్వర్ మార్చినా ప్రయోజనం లేదు. లైనక్స్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ ఇవ్వవచ్చు, లేదా విండోస్ లోపలి సెట్టింగులు ఉండే రిజిస్ట్రీలో ‘రియల్‌టైమ్ ఈజ్ యూనివర్సల్’ విలువను 1 చేయవచ్చు. రెండిట్లో రెండోదే మంచిది, యూటీసీ ఎప్పుడూ మారదు కాబట్టి. ఏదో ఒకటే చేయాలి. రెండూ చేస్తే ఈసారి తేడా ఎదురు దిక్కున వస్తుంది.

సరిగ్గా గంట, లేదా గంటల లెక్కన తప్పితే అది గడియారం తప్పు కాదు, టైమ్ జోన్ తప్పు. సర్వర్ నుంచి టైమ్ తెచ్చే ఎన్‌టీపీ పద్ధతి మోసుకొచ్చేది యూటీసీ మాత్రమే, జోన్‌తో దానికి పని లేదు. అమెరికా క్లయింట్‌తో పనిచేసేవాళ్లకు ఇది ఏటా రెండుసార్లు ఎదురవుతుంది. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కు జరుగుతుంది. న్యూయార్క్‌కూ మనకూ తేడా చలికాలంలో పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర. జోన్‌ను దానంతటదే ఎంచుకునే సెట్టింగ్ ఆన్‌లో ఉండి, వీపీఎన్ వల్ల మెషీన్ వేరే ఊళ్లో ఉన్నట్టు కనిపిస్తే జోన్ మారిపోవడం కూడా జరుగుతుంది. ఒకే చోట కూర్చుని పనిచేసేవాళ్లు ఆ సెట్టింగ్ ఆపేసి చేత్తో కోల్‌కతా జోన్ పెట్టుకోవడం నయం.

రిమోట్ డెస్క్‌టాప్ వాడేవాళ్లకు ఒక మాట. ఆ కిటికీలో కనిపించేది అవతలి సర్వర్ గడియారం. మీ ల్యాప్‌టాప్‌లో ఎంత కుస్తీ పట్టినా అది మారదు. జోన్ ఒక్కటే తేడా అయితే టైమ్ జోన్ రీడైరెక్షన్ పాలసీని అడ్మిన్ ఆన్ చేస్తే సరిపోతుంది.

సెకన్ల నుంచి నిమిషం, రెండు నిమిషాల దాకా తప్పితే అది మామూలు జారుడు. మదర్‌బోర్డు మీది క్రిస్టల్ సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. అందులో 10 లక్షలకు 20 వంతుల తేడా ఉన్నా రోజుకు 1.7 సెకన్లు, నెలకు 50 సెకన్ల పైన జారుతుంది. దీనికి మందు సింక్‌ను సరిగ్గా పెట్టడమే.

ఏళ్ల తేడా వచ్చిందా, ఛార్జర్ తీసి పెట్టిన ప్రతిసారీ పాత తేదీకి పోతోందా? అయితే బ్యాటరీ అయిపోయింది. డెస్క్‌టాప్‌లో ఉండేది చాలావరకు సీఆర్2032 బటన్ సెల్, 3 వోల్టులది. మల్టీమీటర్‌తో చూస్తే 2.5 వోల్టుల దగ్గరికి దిగిపోయి ఉంటుంది. ల్యాప్‌టాప్‌లలో అదే సెల్ చిన్న వైరు, రెండు పిన్నుల కనెక్టర్‌తో రావచ్చు, కొనే ముందు తెరిచి చూసుకోండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో విడి సెల్ అసలు ఉండదు, పెద్ద బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయితే టైమ్ పోతుంది.

ఇక్కడే చాలామంది చిక్కుకునే గుంట ఒకటుంది. డొమైన్‌లో లేని విండోస్ డిఫాల్ట్‌గా 54,000 సెకన్లు, అంటే 15 గంటలు మించిన తేడాను తనంతట తాను దిద్దుకోదు. సర్వర్ సరైన టైమ్ చెబుతున్నా ‘ఇంత తేడానా, నమ్మను’ అని వదిలేస్తుంది. అందుకే సెల్ మార్చాక ముందు తేదీ, టైమ్ చేత్తో దగ్గర్లోకి తెచ్చి, ఆ తర్వాతే సింక్ నౌ నొక్కాలి.

డొమైన్ కంట్రోలరా, బయటి సర్వరా

కంపెనీ డొమైన్‌లో చేరిన ల్యాప్‌టాప్ మామూలుగా డొమైన్ కంట్రోలర్‌నే చూస్తుంది. కంపెనీలో అందరి టైమూ ఒక్కటిగా ఉంటుంది, లాగిన్‌ను సరిచూసే సర్వరే టైమ్ కూడా చెబుతుంది కాబట్టి కెర్బరోస్‌కు గొడవ రాదు. రోజూ వీపీఎన్‌లోకి వచ్చేవాళ్లకు దీన్ని కదపనక్కర్లేదు. సర్వర్ అమెరికాలో ఉన్నా ఫర్వాలేదు. వెళ్లి రావడానికి 240 మిల్లీసెకన్లు పడితే, వెళ్లే దారీ వచ్చే దారీ ఎంత అసమానంగా ఉన్నా కొలతలో తప్పు అందులో సగం, 120 మిల్లీసెకన్లు దాటదు. ఐదు నిమిషాల ముందు అదెంత.

చిక్కు వేరే చోట వస్తుంది. వీపీఎన్‌లోకి వెళ్తే తప్ప కంట్రోలర్ కనిపించదు. టైమ్ బాగా తప్పితే వీపీఎన్ సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోతుంది. లోపలికి వెళ్లలేరు కాబట్టి టైమ్ దిద్దుకోదు, టైమ్ దిద్దుకోలేదు కాబట్టి లోపలికి వెళ్లలేరు. పైగా ఉద్యోగి చేతిలో అడ్మిన్ హక్కులు ఉండవు, టైమ్ చేత్తో మార్చడానికీ వీల్లేదు. వారాల తరబడి వీపీఎన్ తెరవనివాళ్లు, ఈమెయిల్, బ్రౌజర్‌తోనే పని గడిపేవాళ్లు ఎక్కువగా ఇందులో పడతారు.

వాళ్లకు మా సలహా రెండూ కలిపి పెట్టడం. అడ్మిన్‌గా ‘డబ్ల్యూ32టీఎమ్ /కాన్ఫిగ్’ కమాండ్‌లో ‘/మాన్యువల్‌పీర్‌లిస్ట్’లో బయటి సర్వర్ పేరు, పక్కన కామా పెట్టి 0ఎక్స్ఏ, ఆపైన ‘/సింక్‌ఫ్రమ్‌ఫ్లాగ్స్:మాన్యువల్,డామ్‌హయర్ /అప్‌డేట్’ ఇవ్వాలి. 0ఎక్స్ఏ అంటే 8, 2 కలిపింది. 8 మామూలు క్లయింట్‌గా అడగమని, 2 వేరే దిక్కు లేనప్పుడే దీన్ని వాడమని. ఆఫీసు కనిపిస్తే ఆఫీసు టైమ్, కనిపించకపోతే బయటి టైమ్. కమాండ్ పని చేసినట్టే కనిపించి ఏమీ మారకపోతే ‘/క్వెరీ /కాన్ఫిగరేషన్’ చూడండి. సెట్టింగ్ పక్కన పాలసీ అని ఉంటే గ్రూప్ పాలసీ (కంపెనీ అన్ని మెషీన్లకూ ఒకేసారి పెట్టే సెట్టింగులు) పైనుంచి నొక్కి పెడుతోంది, మార్పు అక్కడ చేయాలి. కంపెనీ అడ్మిన్‌తో మాట్లాడకుండా డొమైన్ మెషీన్‌లో ఈ పని చేయకండి.

డొమైన్‌లో లేని మెషీన్లకు, ఫ్రీలాన్సర్లకు, చిన్న ఆఫీసులకు బయటి ఎన్‌టీపీ సర్వరే సరైన దారి. విండోస్ వాళ్లకు చెప్పాల్సింది ఎంతసేపటికోసారి అడగాలన్నది. రిజిస్ట్రీలో ‘స్పెషల్ పోల్ ఇంటర్వెల్’ సెకన్లలో ఉంటుంది. అక్కడ 6,04,800 కనిపిస్తే వారానికి ఒక్కసారే అడుగుతోందని. దాన్ని 3,600 చేస్తే గంటకోసారి అడుగుతుంది, ఇంటి మెషీన్‌కు అది ధారాళంగా సరిపోతుంది. సర్వర్ పేరు పక్కన 0ఎక్స్9 ఉంటేనే ఈ అంకె లెక్కలోకి వస్తుంది, లేకపోతే ఎంత మార్చినా పట్టించుకోదు.

ఏ సర్వర్?

మన దేశంలో కంపెనీకి పని చేస్తుంటే ఈ ఎంపికలో చట్టం కూడా ఉంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు, డేటా సెంటర్లు, సర్వీస్ ప్రొవైడర్లు, ప్రభుత్వ సంస్థలు తమ ఐటీ వ్యవస్థల గడియారాలన్నిటినీ ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ టైమ్ సర్వర్లతోనో, వాటితో ముడిపడిన సర్వర్లతోనో కలపాలి. పలు దేశాల్లో వ్యవస్థలున్న సంస్థలు వేరే ప్రామాణిక సర్వర్ వాడుకోవచ్చు కానీ ఈ రెండింటి టైమ్‌తో తేడా రాకూడదు. ఇంట్లో ఉన్న ఆఫీసు ల్యాప్‌టాప్ కూడా కంపెనీ వ్యవస్థే. ఎన్ఐసీ సర్వర్లు సమయ్1.ఎన్ఐసీ.ఇన్, సమయ్2.ఎన్ఐసీ.ఇన్. లేబొరేటరీది టైమ్.ఎన్‌పీఎల్‌ఇండియా.ఆర్గ్. చిన్న కంపెనీకి తేలిక దారి ఏమిటంటే ఆఫీసులో ఒక సర్వర్‌ను వీటితో కలిపి, మిగతా మెషీన్లన్నిటికీ దాన్ని చూపించడం.

ఆ నిబంధన లేని సొంత మెషీన్‌కు ఇన్.పూల్.ఎన్‌టీపీ.ఆర్గ్, టైమ్.క్లౌడ్‌ఫ్లేర్.కామ్, టైమ్.గూగుల్.కామ్ ఏదైనా బాగానే ఉంటుంది. గూగుల్‌ది మాత్రం మిగతావాటితో కలపకండి. లీప్ సెకను (యూటీసీకి అప్పుడప్పుడు అదనంగా కలిపే సెకను) వచ్చినప్పుడు అది సెకనును ఒక్కసారి కలపకుండా 24 గంటల మీద పంచుతుంది, ఆ రోజంతా మిగతా సర్వర్లతో తేడాగా ఉంటుంది. చివరి లీప్ సెకను మన టైమ్‌లో 2017 జనవరి 1 తెల్లవారుజామున 5:29:60కి వచ్చింది. ఆ తర్వాత రాలేదు కానీ కలపకపోతే పోయేదేమీ లేదు.

క్రోనీ వాడేవాళ్లు నాలుగు సర్వర్లు పెట్టుకోండి. రెండే ఉంటే అవి విభేదించినప్పుడు ఎవరిని నమ్మాలో తేలదు. మూడుంటే ఇద్దరి మాట నెగ్గుతుంది. నాలుగుంటే ఒకటి పడిపోయినా ఆ ముగ్గురు మిగులుతారు.

లైనక్స్‌లో ఏ ప్రోగ్రామ్

డెస్క్‌టాప్ మామూలు వాడకానికి సిస్టమ్‌డీ టైమ్‌సింక్‌డీ చాలు. తరచూ మూసి తెరిచే ల్యాప్‌టాప్‌కు, నెట్ వచ్చీ పోయే చోట క్రోనీ మేలు. క్రోనీలో మార్చాల్సింది ఒకే ఒక్క లైన్. డిఫాల్ట్‌గా ‘మేక్‌స్టెప్ 1.0 3’ అని ఉంటుంది. అంటే మొదటి మూడు కొలతల్లో మాత్రమే సెకను దాటిన తేడాను ఒక్క దూకుతో దిద్దుతుంది, ఆ తర్వాత ఎంత తేడా వచ్చినా మెల్లగా జరుపుతుంది. నిద్ర నుంచి లేచిన ల్యాప్‌టాప్‌లో అది చాలాసేపు పడుతుంది. చివరి 3ను -1 చేస్తే ఎప్పుడైనా దూకుతుంది. టైమ్ వెనక్కి దూకితే చెడిపోయే డేటాబేస్ నడిచే మెషీన్‌లో మాత్రం ఈ మార్పు వద్దు. పాత ఎన్‌టీపీడీ ఇంకా వాడుతుంటే, తేడా 1,000 సెకన్లు దాటితే అది దిద్దకుండా ఆగిపోతుందని గుర్తుంచుకోండి. రెండు ప్రోగ్రామ్‌లు ఒకేసారి నడపకండి, ఒకటి లాగిందాన్ని ఇంకొకటి తోస్తుంది.

వర్చువల్ మెషీన్లలోనూ (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) ఇదే సూత్రం. హోస్ట్ (దాన్ని నడిపే అసలు కంప్యూటర్) నుంచి వచ్చే సింక్, లోపలి ఎన్‌టీపీ రెండూ పోట్లాడితే టైమ్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. డొమైన్‌లో చేరిన వర్చువల్ మెషీన్‌లో హోస్ట్ సింక్ ఆపి డొమైన్‌కు వదిలేయండి. ల్యాప్‌టాప్‌లో పరీక్షల కోసం పెట్టుకున్న మెషీన్‌కు హోస్ట్ సింకే హాయి. విండోస్ లోపల లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్2లో ల్యాప్‌టాప్ నిద్ర లేచాక టైమ్ వెనకబడితే ‘సుడో హెచ్‌డబ్ల్యూక్లాక్ -ఎస్’ (చిన్న ఎస్) అప్పటికి సరిచేస్తుంది.

సర్వర్ పలకనప్పుడు

స్ట్రిప్‌చార్ట్‌లో అంకెల బదులు 0ఎక్స్800705బీ4 అని వస్తుంటే జవాబు రావడం లేదు. ఎన్‌టీపీ యూడీపీ 123 పోర్టు మీద నడుస్తుంది, దాన్ని దారిలో ఎవరో ఆపుతున్నారు. ఎవరో పట్టుకోవడానికి పది నిమిషాలు చాలు. మొదట వీపీఎన్ తీసి కొలవండి. ఇప్పుడు పలికితే ట్రాఫిక్ అంతా ఆఫీసు మీదుగా పోయి, అక్కడి ఫైర్‌వాల్ దగ్గర ఆగుతోంది. పలకకపోతే ఫోన్ హాట్‌స్పాట్‌కు మారి కొలవండి. అప్పుడు పలికితే ఇంటి రౌటర్ లేదా ఇంటర్నెట్ కంపెనీ. అప్పుడూ పలకకపోతే మెషీన్‌లోనే ఉన్న సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్.

పోర్టు తెరిపించుకోవడమే అసలు పరిష్కారం, బయటికి వెళ్లే దారి ఒక్కటి తెరిస్తే చాలు. ఎన్‌టీఎస్ అనే భద్రమైన రకానికి మారితే ఇది తప్పుతుందని కొందరు అనుకుంటారు. తప్పదు. తాళం చెవులు టీసీపీ 4460 మీద మారినా టైమ్ మళ్లీ యూడీపీ మీదే వస్తుంది.

ఎవరూ తెరవనంటే మిగిలేది వెబ్ దారి. ఏ సైట్‌నైనా అడిగితే జవాబుతోపాటు తేదీ, టైమ్ పంపుతుంది. ‘కర్ల్ -ఐ’ ఇచ్చి డేట్ అన్న లైన్ చూడండి, జీఎంటీలో ఉంటుంది, ఐదున్నర కలపండి. లైనక్స్‌లో హెచ్‌టీపీడేట్ ఇదే పని దానంతటదే చేస్తుంది. సెకను కన్నా సన్నగా చెప్పలేదు కానీ లాగిన్‌కు, సర్టిఫికెట్లకు చాలు. లాగ్‌లు పోల్చే పనికి పనికిరాదు.

విండోస్ 10 నుంచి ఇలాంటిదే ఒకటి లోపలే ఉంది, సెక్యూర్ టైమ్ సీడింగ్ అంటారు. సైట్లతో కనెక్షన్ కుదిరేటప్పుడు వచ్చే వివరాల నుంచి టైమ్‌ను అంచనా కడుతుంది. సెల్ చచ్చిన మెషీన్‌కు ఇది ప్రాణం పోస్తుంది. కానీ బాగున్న మెషీన్ ఏ కారణమూ లేకుండా ఉన్నట్టుండి రోజుల ముందుకో వెనక్కో దూకితే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఎన్‌టీపీ చక్కగా పలికే మెషీన్‌లో రిజిస్ట్రీలోని డబ్ల్యూ32టైమ్ కాన్ఫిగ్ కింద ‘యుటిలైజ్ ఎస్ఎస్ఎల్ టైమ్ డేటా’ను 0 చేసి మెషీన్ మళ్లీ స్టార్ట్ చేయండి. యూడీపీ మూసి ఉన్న చోట దాన్ని ముట్టుకోకండి, వేరే ఆధారం లేదు.

ఏ దారి పట్టినా దిద్దిన వెంటనే వచ్చే కొలతను చూసి ఫైల్ మూసేయకండి. అప్పుడే దిద్దారు కాబట్టి ఎలాగూ సున్నా దగ్గరే ఉంటుంది. ల్యాప్‌టాప్‌ను రాత్రంతా మూసి ఉంచి, మర్నాడు పొద్దున తెరిచాక వీపీఎన్ లేకుండా ఒకసారి, వీపీఎన్‌తో ఒకసారి స్ట్రిప్‌చార్ట్ ఇవ్వమనండి. రెండుసార్లూ ఓ అంకె సెకను లోపే ఉండి, సోర్స్ దగ్గర మీరు పెట్టిన సర్వర్ పేరు కనిపిస్తే పని అయినట్టే. సోర్స్‌లో మళ్లీ సీమాస్ క్లాక్ కనిపిస్తే అంకె ఎంత బాగున్నా కాలేదు.